శ్రీమంతానికి నల్ల పరదా

ఆమెకు పిచ్చి లేదు. ఆమె చేతబడి చేయలేదు. ఈ రెండు మాటలు ముందే రాసి పెడుతున్నాను. మా గల్లీలో ఏదైనా చివరిదాకా చదివే ఓపిక ఎవరికీ లేదు.

మొన్న ఉదయం మా గల్లీ వాట్సాప్ గ్రూపులో ఆమె ఫొటో వచ్చింది. "మన టీచరమ్మ గుడిమల్కాపూర్‌ల పోయింది, ఓం శాంతి" అని ఎవరో పెట్టారు. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. వాటి మధ్య ఒకడు, నాతో పాటు చదువుకున్నవాడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి, "ఇగ అందరు లైట్లేసుకోండ్రి, వద్దనేటామె పోయింది" అని రాశాడు. దానికి నవ్వే బొమ్మలు. ఇంకొకామె "ఆ నల్లబట్టలు గూడ ఆమెతోటే కాలబెట్టిండ్రా లేదా, అడుగుండ్రి" అంది. దానికీ నవ్వే బొమ్మలే. అలా నవ్విన ఆడవాళ్లలో కొందరు ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు. పదో తరగతి గట్టెక్కింది ఆమె చెప్పిన పాఠంతోనే.

ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఆ నవ్వు మొదలుపెట్టింది నేనే కదా.

ఆమె మా గల్లీ మొదట్లో, శాలిబండ వైపు తిరిగే మలుపు దగ్గర, రెండు గదుల కిరాయి ఇంట్లో ఒక్కతే ఉండేది. సర్కారు ఆడపిల్లల బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరయింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. చేతిలో ఎప్పుడూ నల్ల గొడుగు. పగటి ఎండలో దాన్ని చంకలో పెట్టుకుని నడిచేది. పొద్దుగూకి, గల్లీ చివర ఫంక్షన్ హాలు మీద లైట్లు వెలగగానే తెరిచేది. వాన లేకపోయినా ఆ గొడుగు కిందే కిరాణా దుకాణానికి పోయి పెరుగు ప్యాకెట్ తెచ్చుకునేది.

"టీచరమ్మా, వాన గిట్ల వస్తుందా?" అని అరుగుల మీద కూర్చున్నవాళ్లు అడిగేవారు.

"వాన గాదు. గా సేఠు దుకాణం కురుస్తుంది" అని గొడుగు కొస మా ఇంటి వైపు చూపించేది.

మాది లైట్ల వ్యాపారం. అఫ్జల్‌గంజ్‌లో మా నాన్న బల్బులూ ట్యూబులూ టోకున అమ్మేవాడు. నా చేతికి వచ్చాక ఎల్ఈడీలు, ఫ్లడ్‌లైట్లు, పెళ్లి లైటింగు వచ్చి చేరాయి. ఎంత తెల్లగా కొడితే అంత గిరాకీ. ఫంక్షన్ హాలు మీద ఉన్నవన్నీ నా దుకాణంలోవే.

గల్లీలో ఒక ఆడమనిషి కడుపుతో ఉందని తెలిస్తే అందరూ "ఎన్నో నెల?" అని అడుగుతారు. టీచరమ్మ "మంచం ఎటుంది?" అని అడిగేది. అడిగి ఊరుకునేది కాదు. లోపలికి పోయి, చెప్పులు విప్పి, పరాయివాళ్ల మంచం మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకునేది. ఇంటివాళ్లు బిత్తరపోయి గుమ్మంలో నిలబడి ఉండగానే లేచి కూర్చుని, "కండ్లు మూసుకున్నా ఎర్రగ కొడుతుంది. బట్ట కట్టాలె" అని తీర్పు చెప్పేది.

ఆ బట్ట కూడా ఆమే తెచ్చేది. పత్తర్‌గట్టిలో బుర్ఖాల గుడ్డ అమ్మే దుకాణంలో మిగిలిన ముక్కలు ఏరుకొచ్చి, జతచేసి కుట్టేది. ముక్క కొనేముందు దుకాణం బయటికి వచ్చి, దాన్ని మొహం మీద కప్పుకుని, తలెత్తి సూర్యుడికి ఎదురుగా నిలబడేది. సూర్యుడు కనబడితే గుడ్డ వెనక్కి ఇచ్చేది. నడిబజారులో ఒక ముసలామె నల్లగుడ్డ కప్పుకుని ఆకాశం కేసి చూస్తూ నిలబడితే చూసినవాళ్లు ఏమనుకుంటారు? ఏమనుకున్నా ఆమెకు ఫికరు లేదు.

పక్క గల్లీకి బార్కస్ నుంచి కోడలిగా వచ్చిన అమ్మాయికి కూడా ఒకటి కుట్టి ఇచ్చింది. "క్యా టీచరమ్మా, ఖిడ్కీకు భీ బుర్ఖా?" అని ఆ పిల్ల నవ్విందట, కిటికీకి కూడా బుర్ఖానా అని.

"హౌ బేటీ. ఖిడ్కీకు శరమ్ నై. సబ్ కుఛ్ అందర్ ఆనే దేతీ" అందట టీచరమ్మ. కిటికీకి సిగ్గులేదు బిడ్డా, దేన్నైనా లోపలికి రానిస్తుంది. ఆ పిల్ల పడిపడి నవ్వి, తన చెల్లెలికి కూడా ఒకటి అడిగి కుట్టించుకుంది.

మావాళ్లకు మాత్రం నవ్వు రాలేదు. కడుపుతో ఉన్న మనిషి గదిలో నల్లబట్టా?

హాలు మీద లైట్లు పెట్టిన కొత్తలో ఆమె నా దుకాణానికి వచ్చింది. గిరాకీల మధ్యనే నిలబడి గొడుగుతో కౌంటరు మీద కొట్టింది.

"నీ లైట్ల మూతులు పైకి పెట్టిండ్రు. కిందికి తిప్పు."

"టీచరమ్మా, హాలాయన దూరంకెళ్లి కనబడాలె అంటడు. మూసీ అవుతల నిలబడ్డోనికి గూడ ఇక్కడ పెండ్లయితుందని తెల్వాలెనట."

"పెండ్లి చేసుకునేది మూసీనా?"

నౌకర్లు నవ్వారు. గిరాకీ కూడా నవ్వాడు. నాకు మండింది. "గల్లీల గొలుసులు గుంజుకపోతున్నరని మీరే గద లొల్లి చేసింది? లైటు పెడితే గూడ లొల్లేనా? ఆర్పమంటరా ఏంది?"

"ఆర్పమంటలే. కిందికి తిప్పమంటున్న. నడిచేటోళ్లకు నేల మీద వెలుగు కావాలె. మూడో అంతస్తుల పండుకున్నోళ్లకు ఎందుకురా నాయినా?"

ఆ మాట ఆమె ఎన్నిసార్లు అన్నదో. హాలు యజమానితో అంది, కార్పొరేటరు వస్తే ఆయనతో అంది, కరెంటు స్తంభం ఎక్కిన మనిషితో అంది. ఆర్పమంటలే, కిందికి తిప్పమంటున్న. మేం మాత్రం ఆమెకు "లైట్లార్పే టీచర్" అని పేరు పెట్టుకున్నాం. ఆమె అడగని దాన్ని ఆమె మీద పెట్టి, దానికే తిట్టాం. ఇది అబద్ధం చెప్పడం కంటే తేలిక. ఎదుటి మనిషి మాట వినకపోతే చాలు.

పెళ్లయిన చాలా ఏళ్లకు, మందులూ మొక్కులూ అన్నీ అయ్యాక, మా ఆవిడకు కడుపు నిలిచింది. మా పడకగది మేడ మీద, హాలుకు ఎదురుగా ఉంది. టీచరమ్మ వచ్చింది. మా మంచం మీద కూడా పడుకుని చూసింది. తర్వాత మా ఆవిడ పక్కన కూర్చుని బడిలో చెప్పినట్టే చెప్పింది. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను.

"కడుపుల ఉన్న బిడ్డకు పగలేందో రాత్రేందో ఎట్ల ఎరుక? దానికి కిటికీ లేదు, గడియారం లేదు. చీకటయితే నీ మెదడుల ఒక రసం ఊరుతది, మెలటోనిన్ అంటరు. అది నీ రక్తంల కలిసి బిడ్డ కాడికి పోతది. ఇగ రాత్రయింది అని బిడ్డకు చెప్పేది అదే. నీ కండ్లల్ల తెల్ల లైటు కొడుతుంటే ఆ రసం సక్కగ ఊరదు. బిడ్డకు రాత్రి అందది."

"అందకపోతే ఏమయితది టీచరమ్మా?" మా ఆవిడ చెయ్యి పొట్ట మీదికి పోయింది.

"భయపడకు. ఎలుకల్ల, గిట్లాంటి జీవాలల్ల చూసిండ్రు. తల్లిని రాత్రిళ్లు వెలుగుల పెడితే పుట్టిన పిల్లలకు ఈడొచ్చే టైముల, అండాలల్ల, మగపిల్లలయితే బీజాలల్ల తేడా రావచ్చని అంటున్నరు. మనుషుల్ల ఇంక తేలలే, చూస్తున్నరు. ఇంకొక ముచ్చట చెప్త ఇను. నీకు ఆడపిల్లనే పుడుతదనుకో. ఆ పిల్ల రేపు తల్లి అయ్యేటందుకు కావల్సిన అండాలు ఇప్పుడే, నీ కడుపులనే తయారయితయి. అంటే ఈ మంచం మీద నువ్వొక్కదానివే పండుకుంటలేవు. నువ్వు, నీ బిడ్డ, నీ మనుమలు. మూడు తరాల మీద పడుతుంది లైటు."

"ఎలుకల ముచ్చట మాకెందుకు టీచరమ్మా? మేం మనుషులం" అన్నాను గుమ్మంలోంచి. "రుజువేది?"

ఆమె నా వైపు తిరిగింది. "రుజువు వచ్చేదాంక నీ పెండ్లాం కడుపు ఆగుతదా కొడుకా? ఆగుతదంటే చెప్పు, నేను గూడ ఆగుత."

జవాబు లేనివాడు చేసే పనే చేశాను. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆమెకు "ఎలుకల టీచర్" అని పేరు పెట్టాను. అందరూ నవ్వారు. ఆ పేరు ఆమె వెనక గుడిమల్కాపూర్ దాకా పోయింది, మొన్నటి వాట్సాప్ దాకా వచ్చింది.

ఏడో నెలలో గ్రహణం వచ్చింది. మా అమ్మ ఇంట్లో ఉన్న దుప్పట్లూ చద్దర్లూ అన్నీ తీసి మా పడకగది కిటికీలకు కట్టించింది. తలుపు సందుల్లో గుడ్డపేలికలు కుక్కించింది. కోడలి మీద వెలుగు పడొద్దు, కదలొద్దు, గోరు గిల్లొద్దు. గ్రహణం విడిచింది, దుప్పట్లు విప్పారు, ఇల్లు కడిగారు. ఆ సాయంత్రం మళ్లీ హాలు లైట్లు మా మంచం మీద తెల్లగా పడ్డాయి. ఎవరికీ ఏమీ అనిపించలేదు. నాకూ అనిపించలేదు.

శ్రీమంతం ఆ తర్వాతే. ఇల్లంతా మా దుకాణం సీరియల్ లైట్లు వేయించాను. చుట్టాలు నిండుగా వచ్చారు. మా ఆవిడ పీట మీద కూర్చుంది, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. అందరూ చీరలూ పండ్లూ ఒడిలో పెడుతున్నారు. టీచరమ్మ బంగారు రంగు కాగితం చుట్టిన పొట్లం పెట్టింది. ఆమె తెచ్చింది పట్టుచీరేమో అనుకుని మా మేనత్త అందరి ముందూ విప్పింది. నల్లగా జారి, పసుపుకుంకుమల పళ్లెం మీద పడింది. అంచులకు మంచిగా మడత కుట్టి, పైన రింగులు కూడా పెట్టిన పరదా.

మేనత్త పళ్లెం దూరంగా జరిపి, "ఏందమ్మా ఇది? నిండు కడుపు మీద నల్లబట్ట ఏస్తవా? బాణామతి చేస్తున్నవా మా ఇంటికి?" అంది.

"కిటికీకమ్మా. ఒంటికి గాదు" అంది టీచరమ్మ. నిదానంగానే మొదలుపెట్టింది. "మొన్న గ్రహణానికి ఇంట్ల ఉన్న బట్టలన్నీ కట్టిండ్రు గద? ఒక్క పూట వచ్చిపోయే గ్రహణానికి అంత చేస్తిరి. ఇంటి ముంగట రోజు మాపటికి సూర్యుడు లేస్తుండు, వానికి ఒక్క బట్ట కట్టరా?"

మా అమ్మ ఏడవడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లకు పండిన కడుపు, ఈమె కళ్లు పడ్డాయి అని. అందరూ నా వైపు చూశారు. మా ఆవిడ కూడా చూసింది. ఆమె చూపు వేరు. ఆ పరదా కావాలని అడుగుతోంది ఆ చూపు. నాకు అర్థమయింది. అర్థమయ్యే, పరదా తీసి గుమ్మం బయటికి విసిరేశాను. విసిరి, "పిల్లలు లేనోళ్ల కండ్లు గిట్లనే ఉంటయి" అన్నాను.

ఆమె పెళ్లి చేసుకోలేదు. ఎందుకని మేమెవరం ఎన్నడూ అడగలేదు.

ఆమె బయటికి పోయి పరదా తీసుకుంది. దుమ్ము దులిపి, అంచుకు అంచు కలిపి మడిచి చంకలో పెట్టుకుంది. చెప్పులు తొడుక్కుని నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"పరదా వద్దంటే మంచమన్న తిప్పుకో కొడుకా" అంది. గొడుగు తెరిచి వెళ్లిపోయింది.

మంచం తిప్పలేదు. వాస్తు ప్రకారం వేసిన మంచం, కదపొద్దని అమ్మ అంది. మా ఆవిడ రెండు మూడుసార్లు అడిగి ఊరుకుంది.

ఆ తర్వాత కొద్దిరోజులకే గల్లీలో ఇంకొకామెకు కడుపు పోయింది. ఆ ఇంటి కిటికీకి టీచరమ్మ పరదా ఉంది. ఇక చూడండి. మేనత్త మా ఇంట్లో అన్న మాట ప్రతి అరుగు మీదా కూర్చుంది. టీచరమ్మ గుమ్మం ముందు నిమ్మకాయలు పడేయడం మొదలయింది. కోసి కుంకుమ అద్దినవి, సూదులు గుచ్చినవి. ఒక పొద్దున నేను దుకాణానికి పోతుంటే గుమ్మంలో కూర్చుని వాటిని ఏరుతోంది.

"కోసినయి పారేస్తున్న. మంచియి పచ్చడి పెడుతున్న" అంది నన్ను చూసి. "మస్తు ఏస్తున్నరు మీవోళ్లు. జర ఉప్పు గూడ ఏయమను."

నవ్వుతూనే అంది. నేను బండి ఆపకుండా పోయాను. ఆ నెలలోనే ఇంటి యజమాని ఖాళీ చేయమన్నాడు. ఇన్నేళ్లు పాఠం చెప్పిన మనిషి సామాను ఒక చిన్న ఆటోట్రాలీలో గుడిమల్కాపూర్‌కు పోతుంటే, ఇద్దరు ఆడవాళ్లు వెనకాల గుమ్మంలో పసుపునీళ్లు చల్లారు. దరిద్రం పోయిందని. చదువుకున్నవాళ్లే.

మాకు ఆడపిల్ల పుట్టింది. ఆరోగ్యంగా పుట్టింది. "చూసినవా, ఏమయింది?" అని అమ్మ అంది. నేను కూడా అదే అనుకున్నాను. ఏం కాలేదు కదా.

ఈ ఏడాది మా పాప మూడో తరగతి. ఒకరోజు బడి నుంచి ఫోను వచ్చింది, తల్లిని పంపమని. బొమ్మకు జడ వేసుకునే పిల్ల. ఎనిమిదేళ్లు. బట్టల మీద మరక చూసి దెబ్బ తగిలిందనుకుని భయపడి, బాత్రూంలో గడియ పెట్టుకుని కూర్చుందట.

డాక్టరు ఎముకల వయసు చూడటానికి చేతికి ఎక్స్‌రే తీయించింది, రక్తపరీక్షలు రాసింది. వయసుకు ముందే ఈడు రావడానికి చాలా కారణాలుంటాయని, ఒక్కోసారి కారణం దొరకదని, ఇంజెక్షన్లతో కొంతకాలం ఆపవచ్చని చెప్పింది. నేను గొంతు సరిచేసుకుని కడుపులో ఉన్నప్పటి లైటు సంగతి అడిగాను. ఆమె విచిత్రంగా చూడలేదు. జంతువుల మీద అలాంటి పరిశోధనలు జరుగుతున్నాయి, మీ పాపకు ఇలా దానివల్లే అయిందని ఎవరూ చెప్పలేరు, కాలేదని కూడా చెప్పలేరు అంది. మా ఆవిడ దారి పొడుగునా ఆటోలో బయటికి చూస్తూ కూర్చుంది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ చుట్టాలకు ఫోన్లు చేస్తోంది, సంతోషంగా. మనుమరాలు పెద్దమనిషి అయింది. ఫంక్షన్ చేయాలి. ఎక్కడ? ఎదురుగా ఉన్న హాలులోనే. హాలు యజమాని, "మన బిడ్డ ఫంక్షన్, లైటింగ్ ఎట్లుండాలె అంటవ్ సేఠూ! నీ దుకాణం మొత్తం దించు" అన్నాడు. మేనత్త ఎనిమిదేళ్ల పిల్లకు సరిపోయే పట్టుచీర ఎక్కడ దొరుకుతుందో వెతుకుతోంది.

నేను లేచి గుడిమల్కాపూర్ పోయాను.

పూల మార్కెట్ వెనక సందులో మేడ మీద గది. మెట్ల మీద బంతిపూల రేకలు తొక్కుకుంటూ ఎక్కాను. ఆమె కింద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ముసలిదైపోయింది. గొడుగు మేకుకు వేలాడుతోంది.

"ఎవరు?"

"నేను టీచరమ్మా. లైట్ల సేఠును."

"ఓహో. దుకాణం మూసిండ్రా?" అంది. "దగ్గరికి రా. కండ్లల్ల పొర వచ్చింది. ఇగ నాకు పరదా అవసరం లేదు, కండ్లకే కట్టిండు దేవుడు."

చెప్పాను. వింటూ వింటూ చేతిలో కాయ వదిలేసింది.

"ఎన్నేండ్లు పిల్లకు?"

"ఎనిమిది."

కింద పూలవాళ్ల కేకలు వినిపిస్తున్నాయి. నేను ఉండబట్టలేక, "మీరు చెప్పిందే అయింది టీచరమ్మా" అన్నాను.

ఆమె ముఖం మారిపోయింది. శ్రీమంతం రోజున కూడా ఆ కోపం చూడలేదు.

"నేనేం చెప్పిన? నీ లైటుతోనే నీ బిడ్డకు గిట్లయితదని చెప్పిన్నా? చెప్పలే. ఇప్పుడు గూడ చెప్ప. డాక్టరుకే తెల్వంది నాకెట్ల తెలుస్తది? అప్పుడు నన్ను మంత్రగత్తెను చేసిండ్రు. ఇప్పుడొచ్చి సోది చెప్పేదాన్ని చేస్తున్నవా?"

"మరి అప్పుడు ఎందుకంత కొట్లాడిండ్రు?"

"పరదా కడితే పోయేదేముండె?" అంది. "అవుతదో కాదో తెల్వదు. కట్టుడు తేలిక. మీకు పోయేదేముండె చెప్పు? ఒక్క గుడ్డముక్క."

ఫంక్షన్ సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, తిట్టించుకోవాలనే కావచ్చు. తిట్టింది. ఆ తిట్లన్నీ ఇక్కడ రాయను. "భయపడ్డ పసిపిల్లకు చీర చుట్టి వెయ్యి లైట్ల ముంగట కూసోబెడ్తరా? నలుగురు మొగోళ్లను పిలిచి చూపిస్తరా? ఇంక సాలలేదా మీకు లైట్లు?" అన్నది మాత్రం రాస్తాను.

నేను చేతులు పట్టుకోబోయాను. ఆ రోజు నేనన్న మాట గురించి ఏదో అనబోయాను.

"ఆ ముచ్చట పక్కకు పెట్టు" అని చేతులు వెనక్కి తీసుకుంది. "మీ గల్లీల ఇప్పుడు ఎవరన్న కడుపుతోటి ఉన్నరా?"

ఆలోచించాను. "హాలుకు ఎదురుంగ, కిరాణా దుకాణం మీది రూముల ఒకామె ఉంది. ఆటో నడిపేటాయన పెండ్లాం."

"మంచం ఎటుంది?"

"నాకు తెల్వదు."

"తెలుసుకో పో" అంది. చిక్కుడుకాయ మళ్లీ చేతిలోకి తీసుకుంది.

ఆమె నాతో అన్న చివరి మాట అదే.

ఇంటికొచ్చి ఫంక్షన్ ఆపేశాను. అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. మేనత్త ఇప్పటికీ మాట్లాడదు, అది నాకు ఒక లాభం. పాప ఇంజెక్షన్లు వేయించుకుంటోంది, బొమ్మకు జడ వేస్తోంది. కానీ ఆ మంచం సంగతి మాత్రం తెలుసుకోలేదు. పరాయి ఆడమనిషి మంచం ఎటుందని ఒక మగవాడు ఎలా అడుగుతాడు? రేపు, మాపు అనుకున్నాను. సిగ్గు అనుకున్నాను దాన్ని. టీచరమ్మ ఇంటింటికీ పోయి మంచాల మీద పడుకుని చూసింది. ఆమెకు సిగ్గు లేకనా?

అంతలో ఆ ఫొటో వచ్చింది.

ఆ మధ్యాహ్నమే మెకానిక్‌ని తీసుకుని హాలు ఎక్కాను. లైట్లన్నీ కిందికి తిప్పించాను. ఒక్కటి కూడా ఆర్పలేదు. సాయంత్రం గల్లీ నేలంతా వెలుగు పడింది, సూది పడినా కనబడేంత. మేడల మీద చీకటి. గ్రూపులో లొల్లి మొదలయింది: లైట్లేమైనయి, బిల్డింగు కనబడ్తలేదు, ఎవడు చేసిండు. "నేనే. ఆమె ఎన్నడూ ఆర్పమనలేదు, కిందికి తిప్పమంది" అని రాశాను. "నీకు గూడ ఎలుక కరిచిందా సేఠూ?" అని ఒకడు. నవ్వే బొమ్మలు. మర్నాటికి హాలు యజమాని సగం లైట్లు మళ్లీ పైకి తిప్పించుకున్నాడు. ఫొటోలల్ల మంచిగ పడాలె, నీకేమైంది, నీ గిరాకీని నువ్వే చెడగొట్టుకుంటవా అన్నాడు. ఆయన హాలు, ఆయన లైట్లు. నేనే అమ్మాను.

పత్తర్‌గట్టి పోయాను. బుర్ఖాల దుకాణంలో తెల్లగడ్డం పెద్దాయన థాను దించి, "కిత్నే బుర్ఖే?" అని అడిగాడు, ఎన్ని బుర్ఖాలకని.

"బుర్ఖా నై భాయ్. ఖిడ్కీకు."

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "టీచరమ్మ వాలా పరదా?" అని, నేను కొలత చెప్పకముందే వేరే థాను తీశాడు. మా గల్లీలో మంత్రగత్తె. ఈ దుకాణంలో ఒక గుడ్డకు పేరు. "కైసీ హై మా?" అని అడిగాడు కత్తెర పెడుతూ, అమ్మ ఎలా ఉందని.

పోయిందని చెప్పాను. కత్తెర ఆగింది. పెదవులతోనే ఏదో చదువుకున్నాడు. తర్వాత గుడ్డ కత్తిరించి, నా చేతిలో పెట్టకుండా, దుకాణం బయటికి చెయ్యి చూపించాడు. నాకు అర్థమయింది. గుడ్డ మొహం మీద కప్పుకుని, నడిబజారులో, సూర్యుడికి ఎదురుగా నిలబడ్డాను. ఏమీ కనబడలేదు.

మా ఆవిడ అంచులు కుట్టింది, రింగులు పెట్టింది. నిన్న సాయంత్రం కిరాణా దుకాణం మీది రూముకు పోయాను. ఆటో ఆయన తల్లి తలుపు తీసింది. ఆమె వెనకాల, గది మధ్యలో, నిండు నెలలతో ఉన్న ఆ అమ్మాయి చెయ్యి నడుముకు పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె సగం మొహం తెల్లగా వెలుగుతోంది, నా దుకాణం వెలుగుతో. పొట్లం విప్పి చూపించాను.

అత్త ఒక అడుగు వెనక్కి వేసింది. "అయ్యో, నల్లదా? నిండు మనిషికి నల్లబట్ట తెస్తరా సేఠూ? మేం మీకేం చేసినం?"

చెప్పాల్సినదంతా చెప్పాను. రసం, రక్తం, కడుపులో బిడ్డకు రాత్రి అందడం. ఖాయంగా తెలియదని కూడా చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది. నల్లది ఇంట్లోకి రానివ్వను, ఏమనుకోవద్దు అంది. తప్పు పట్టడానికి నాకు ముఖం లేదు. పరదా మడిచి చంకలో పెట్టుకున్నాను.

"పరదా వద్దంటే మంచమన్న తిప్పుకోండ్రి" అన్నాను.

ఆమె తలుపు వేసింది. నేను మెట్లు దిగుతున్నాను. సగం దిగాక పైన గచ్చు మీద చప్పుడయింది. బరువైనదేదో ఈడ్చుతున్న చప్పుడు. ఆగింది. మళ్లీ మొదలయింది.

మంచం కోళ్లు.